నిద్రపుచ్చిన ముల్లు

తెక్లా కలానికి మూత పెట్టి బల్ల దగ్గర్నుంచి లేచిపోయింది. ఎల్డోరెట్‌లో సలీనా చెరోప్ నడుపుతున్న వర్క్‌షాపులో కెరియో లోయ ఆస్పత్రుల కోసం పన్నెండు అంబులెన్సులు తయారవుతున్నాయి. మొదటిది సిద్ధమైంది. "ఈ బండి లోయ దారికి పనికొస్తుంది" అనే కాగితం మీద టెస్టు డ్రైవరు తెక్లా జెబివోట్ సంతకం చేస్తేనే మిగతా పదకొండూ మొదలవుతాయి. ఆమె చెయ్యలేదు. స్టీరింగు వెనక స్పీడు చూపించే అంకె, డీజిలు ఎంతుందో చెప్పే నాలుగు గీతలు, తేడా వస్తే వెలిగే ఒక ఎర్రదీపం తప్ప ఇంకేమీ లేవు. ఇంజను వేడి చూపించే ముల్లు లేని బండి నడపనంది తెక్లా. ముళ్ళ కాలం పోయిందన్నాడు ఇంజనీరు ఫెస్టస్ కిమైయో. ఇద్దరి గొంతులూ ఆఫీసు గది దాకా వినిపించాక సలీనా బయటికొచ్చి, "రేపు ఇద్దరూ కలిసి లోయలోకి దిగి ఎక్కి రండి. అక్కడే తేల్చుకోండి. నాకు శుక్రవారం లోపల సంతకం కావాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఏడింటికి తెక్లా ఇటెన్ పెట్రోలు బంకు దగ్గర స్వెట్టరు చేతుల్లోకి వేళ్ళు దోపుకుని నిలబడింది. పరుగు పందేల వాళ్ళు గుంపులు గుంపులుగా రోడ్డు పక్కన మట్టిలో పరిగెడుతున్నారు. తెల్ల అంబులెన్సు వచ్చి ఆగింది. ఫెస్టస్ దిగి డ్రైవరు తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపలికి తొంగిచూసిన తెక్లా ముఖం ఒక్కసారిగా విప్పారింది.

స్టీరింగు వెనక గుండ్రటి గాజులో ముల్లు ఉంది. ఒక పక్క నీలం గీత, ఇంకో పక్క ఎర్ర గీత.

"కంపెనీ వాళ్ళు బండి చట్రంతో పాటు పంపిందే. నేనే పీకి పక్కన పెట్టాను. మీకోసం మళ్ళీ బిగించాను, మేడమ్" అన్నాడు ఫెస్టస్.

"ఇప్పుడు బండి బండిలా ఉంది, ఇంజనీరు బాబూ. దీనికి నిన్నంతా అంత గొడవ చేశావు."

ఫెస్టస్ పక్క సీట్లో కూర్చుని, స్టీరింగు కింద ఉన్న గూటిలోకి ఒక వైరు దోపి, దాని రెండో కొసన ఉన్న చిన్న స్కానరు ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక స్ట్రెచరు మీదా బెంచీ మీదా పద్నాలుగు ఇసక బస్తాలు. రోగి, నర్సు, ఇద్దరు చుట్టాలు కూర్చున్నంత బరువు.

"అదేంటి ఒళ్ళో?"

"చెప్తాను. ముందు కిందికి దిగనివ్వండి."

ఇటెన్ నుంచి రోడ్డు అంచు దాటి ఒక్కసారిగా కిందికి జారుతుంది. తెక్లా ఆ దారిలో ఇరవై రెండేళ్ళు మిషన్ ఆస్పత్రి అంబులెన్సు నడిపింది. ఏ మలుపులో గొర్రెలు పడుకుంటాయో, ఎక్కడ వానాకాలం రాళ్ళు దొర్లుతాయో ఆమెకు తెలుసు. తంబాచ్ ఊరు దాటేసరికి స్వెట్టరు విప్పి సీటు వెనక పడేసింది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి" అన్నాడు ఫెస్టస్. "ఇంజను ఎన్నిసార్లు తిరుగుతుందో చూపించే ముల్లు ఉండేది కదా పాత బండిలో. దాన్ని ఎప్పుడైనా చూశారా?"

"ఎందుకు చూడటం? ఇంజను గొంతు చించుకుంటుంటే చెవులకు తెలీదా?"

"ఆయిలు ముల్లు?"

"ఉండేదా?"

"బ్యాటరీ ముల్లు?"

తెక్లా నవ్వేసింది. "సరేలే. పెళ్ళిలో అందరూ చుట్టాలే, వంట చేసేది మాత్రం ఒక్కతే. నాకు ఆ ఒక్కతి చాలు. వేడి ముల్లు."

"మా నాన్న జనాన్ని ఎక్కించుకుని మటాటూ వ్యాను నడిపేవాడు మేడమ్. రోడ్డు కంటే గాజు వైపే ఎక్కువ చూసేవాడు. ముల్లు వెంట్రుకవాసి కదిలితే బండి ఆపి బానెట్టు ఎత్తేవాడు. లోపల జనం తిట్టేవాళ్ళు. బండిలో ఏ రోగమూ ఉండేది కాదు. డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఉండాలి, మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది. తేడా వస్తే దీపం వెలుగుతుంది. అంబులెన్సులో వెనక ప్రాణం ఉంటుంది, ముందు ఐదు ముళ్ళ బొమ్మలు పెట్టుకుని చూస్తూ కూర్చుంటారా?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. తెక్లా ఒప్పుకోదలుచుకోలేదు.

"దీపం వెలిగాక ఏం చెయ్యాలి?"

"ఆపెయ్యాలి."

"ఎక్కడ? ఈ మలుపులోనా? ఒక పక్క కొండ, ఒక పక్క గాలి. వెనక నొప్పులు పడే మనిషి. ఆపి?"

ఫెస్టస్ స్కానరు వైరు సరిచేసుకున్నాడు.

లోయ అడుగున చెబ్లోక్ వంతెన దగ్గర బండి తిప్పారు. రేకుల హోటల్లో మొక్కజొన్న సంకటి ఉగాలీ, మేకమాంసం తిన్నారు. తెక్లా సొరబుర్రలోంచి ముర్సిక్ వంచి అతనికి గ్లాసు నిండా ఇచ్చింది. పట్నంలో చదువుకున్నా ఆ పుల్లటి పెరుగుని ముఖం చిట్లించకుండా తాగాడు. ఆ కాస్తకే ఆమెకు అతని మీద కోపం కొంచెం తగ్గింది. ఎండ ముదిరేదాకా అక్కడే ఆగారు, ఒంటిగంట దాటింది. లోయలో గాలి పొయ్యి మీంచి వస్తున్నట్టుంది. బండిని కావాలనే ఎండలో వదిలారు. ఏసీ పూర్తిగా పెట్టి ఎక్కడం మొదలుపెట్టారు. రోగిని తీసుకెళ్ళేటప్పుడు ఎలా వెళ్తారో అలాగే.

పది నిమిషాలు ఎక్కారు. తెక్లా చూపు రోడ్డు మీంచి గాజు మీదికీ, గాజు మీంచి రోడ్డు మీదికీ తిరుగుతోంది. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది.

"చూశావా, ఎంత బుద్ధిగా ఉందో. బంగారు తల్లి."

"ఎంతుందంటారు వేడి?"

"ఎంతుంటే ఏం, మధ్యలో ఉంది. మధ్యలో ఉందంటే బాగుందని."

ఫెస్టస్ స్కానరు ఎత్తి ఆమెకు కనిపించేలా పట్టుకున్నాడు. "ఇది ఇంజను కంప్యూటరు లోపల ఉన్న అసలు అంకె. ఎనభై తొమ్మిది."

"సరే."

రెండు మలుపులు దాటాయి.

"తొంభై ఆరు. ముల్లు?"

"మధ్యలో."

ఎదురుగా మామిడి బుట్టలతో లారీ దిగుతుంటే తెక్లా పక్కకు తీసి మొదటి గేరులో నిలబెట్టి మళ్ళీ లాగింది. ఇంజను మూలిగింది.

"నూట రెండు. ముల్లు?"

తెక్లా చూసింది. మళ్ళీ చూసింది. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"నీ ఆటవస్తువు పాడైంది."

"నూట ఐదు."

"ఫెస్టస్, ఇది పాడైపోయిందా, అది పాడైపోయిందా?"

"రెండూ బాగానే ఉన్నాయి మేడమ్. ఆ ముల్లుని అలాగే తయారుచేశారు." అతని గొంతులో గెలిచానన్న ధ్వని లేదు, చెడ్డకబురు మోసుకొచ్చినవాడిలా నెమ్మదిగా చెబుతున్నాడు. "మా నాన్నలాంటి వాళ్ళు ముల్లు కదిలిన ప్రతిసారీ షోరూమ్‌కి పరిగెత్తేవాళ్ళు. వాళ్ళ పోరు పడలేక ముల్లుని నిద్రపుచ్చారు. డెబ్బై ఐదు డిగ్రీల నుంచి నూట పది దాకా ఎంత ఉన్నా మధ్యలోనే నిలబెడతారు. నూట పది దాటాక ఒక్కసారి వదిలేస్తారు. అప్పుడు ఎర్రలోకి దూకుతుంది. అందుకే పీకేశాను. నిజం చెప్పని ముల్లు ఎందుకు? దానికంటే దీపం నయం. అది కనీసం అబద్ధం ఆడదు."

తెక్లా ఇంకో మలుపు తిప్పింది.

"నూట ఏడు" అన్నాడు ఫెస్టస్. "ఆపుదామా?"

"ఆపను."

ఆమె ఏసీ కట్టేసింది. కిటికీలు దించింది. తర్వాత చెయ్యి చాచి, చలికాలం ఇటెన్‌లో కాళ్ళు వెచ్చబడటానికి పెట్టుకునే హీటరుని చివరిదాకా తిప్పింది. లోయ వేడికి తోడు ఇంజను వేడి కాళ్ళ మీదికీ ముఖం మీదికీ కొట్టింది.

"మేడమ్, ఏంటిది?"

"ఇంజను వేడిని మనం పంచుకుంటున్నాం. దాని పక్కనే రెండో రేడియేటరులా కూర్చున్నాం. చొక్కా విప్పుకుంటే విప్పుకో, నేను చూడను. అంకె చదువు."

ఆమె గేరు మార్చి స్పీడు తగ్గించింది. ఇంజను గొంతులో మూలుగు పోయి, ఒకే శ్రుతిలో నడవటం మొదలుపెట్టింది. ఫెస్టస్ నుదుటి మీది చెమట స్కానరు మీద పడింది. చొక్కా కొసతో తుడిచాడు.

"నూట ఏడు... నూట ఏడే... నూట ఆరు."

"ఊఁ."

"నూట నాలుగు. నూట ఒకటి."

"ముల్లు చూడు."

"మధ్యలోనే ఉంది" అన్నాడు ఫెస్టస్. స్కానరు మళ్ళీ చూశాడు. "తొంభై ఎనిమిది. పిన్నీ, మీరు వేడి దించేశారు."

మేడమ్ పిన్ని అయిన సంగతి అతను గమనించలేదు. తెక్లా గమనించింది.

"దీపం కోసం కూర్చుని ఉంటే ఏమయ్యేది?"

"ఇంకో రెండు మలుపుల్లో వెలిగేది. ఆపేసేవాళ్ళం." అతను స్కానరు దించాడు. "అంకె కనిపిస్తే మీకు చెయ్యడానికి ఏదో ఒకటి ఉంటుంది. దీపం వెలిగాక ఏమీ ఉండదు. నేను దీన్ని ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. నేను ఆఫీసులో కూర్చుని ఆలోచించాను."

ఇంకోరోజయితే ఆ మాటకు తెక్లా ఎగిరి గంతేసేది. ఇప్పుడు ఆమె అది విన్నట్టే లేదు. రోడ్డు పక్కన వెడల్పుగా ఉన్నచోట బండి ఆపి, ఇంజను నడుస్తూండగానే స్టీరింగు మీద నుదురు ఆనించింది.

"పిన్నీ? ఒంట్లో బాలేదా?"

"నిద్రపుచ్చారన్నావు కదూ? పాత బండ్లలో కూడానా? నేను నడిపిన మిషన్ బండిలో?"

"ఆ బండీ ఇదే కంపెనీది కదా. అదే ముల్లు."

అప్పుడు ఆమె చెప్పింది. విచారణ తర్వాత ఈ రెండేళ్ళలో ఎవరూ అడగనిది, ఎవరికీ చెప్పనిది. ఇదే దారిలో, ఇలాంటి మధ్యాహ్నమే, వెనక జెముతాయ్ అనే అమ్మాయి నొప్పులు పడుతుండగా ఇంజను ఆగిపోయింది. కింద గొట్టం ఎక్కడో చిల్లుపడి నీళ్ళు కారిపోయాయి. తెక్లా పైకి పరిగెత్తి లారీని ఆపి, ఆ అమ్మాయిని లారీలో ఆస్పత్రికి చేర్చేసరికి గంటన్నర దాటింది. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

"విచారణ పెట్టారు. ముల్లు ఎక్కడుందని అడిగారు. చివరి మలుపు దాకా మధ్యలోనే ఉందని చెప్పాను. అంత వేడెక్కిన ఇంజనుకి ముల్లు మధ్యలో ఎలా ఉంటుంది, కనీసం పావుగంట ముందు నుంచి పైకి ఎక్కుతూ ఉండి ఉంటుంది, నువ్వు చూసుకోలేదు అన్నారు. రోగుల్ని ఎక్కించుకోకూడదని కాగితం ఇచ్చి పంపేశారు. మొదట నేను ఒప్పుకోలేదు. తర్వాత తర్వాత..." ఆమె తల ఎత్తలేదు. "అంతమంది చదువుకున్నవాళ్ళు చెబుతుంటే, నిజంగానే చూళ్ళేదేమో అనుకున్నాను. రోజూ రాత్రి ఆ గాజు గుర్తుచేసుకునేదాన్ని. మధ్యలో ఉన్నట్టే కనిపించేది. నా మనసే నాకు అబద్ధం చెబుతోందనుకున్నాను."

ఫెస్టస్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. ఇంజన్ల గురించి తనకు తెలిసింది ఒక మనిషి రెండేళ్ళ నిద్రకి సంబంధించిందని అతనెప్పుడూ ఊహించలేదు.

"మీరు చూశారు పిన్నీ. చూసి ఉన్నదే చెప్పారు. ముల్లు మధ్యలోనే ఉంది." ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "నేను రాసిస్తాను. ఈ రోజు అంకెలన్నీ ఈ స్కానరులో ఉన్నాయి. ఏ నిమిషానికి ఎంత వేడి, అప్పుడు ముల్లు ఎక్కడుంది, అన్నీ కాగితం మీద పెట్టి నా పేరుతో సంతకం చేస్తాను. ఆ విచారణ మళ్ళీ తెరవాల్సిందే."

తెక్లా చీర కొంగులాంటి తన లెస్సో గుడ్డతో ముఖం తుడుచుకుంది. అద్దంలో ఒకసారి చూసుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో ఆమెకే తెలియలేదు. గుండెల మీంచి ఎవరో ఒకటొకటిగా ఇసక బస్తాలు దించుతున్నట్టుంది.

"మరి నా బండికి ఏం పెడతావు?"

"నిద్రపోని ముల్లు. ఒక్కటే. అంకెతో సహా. వేడి తొంభై ఐదు దాటితే పసుపు రంగు, నూట మూడు దాటితే నారింజ. మిగతా బొమ్మలేవీ పెట్టను, మీరడిగినా పెట్టను. ఇంకోటి, బండి ముందు మనం బిగించిన ఇనప గార్డు రేడియేటరుకి గాలి ఆపేస్తోంది. లేకపోతే ఇంత వేడెక్కకూడదు. అది నా తప్పు. రేపే కోయిస్తాను."

"తప్పు ఒప్పుకునే ఇంజనీరుని మొదటిసారి చూస్తున్నాను" అంది తెక్లా. "సంతకం పెడతానులే. గార్డు కోశాక."

ఆమె బండి కదిలించింది. కిలోమీటరు పోయాక, రోడ్డు పక్క వరసగా ఉన్న మామిడిపళ్ళ గుడిసెల దగ్గర వేగం తగ్గించింది. ఈ రెండేళ్ళలో ఎప్పుడు ఇటు రావలసి వచ్చినా ఆమె ఇక్కడ అద్దాలు ఎత్తుకుని పక్కకు చూడకుండా వెళ్ళిపోయేది. ఇవాళ మూడో గుడిసె ముందు ఆపి దిగింది.

పళ్ళ వెనక పీట మీద కూర్చున్న మనిషి ఆమెను చూసి, చేతులు నేలకు ఆన్చి నెమ్మదిగా లేచింది. జెముతాయ్. లేవడానికి ఎందుకంత సమయం పట్టిందో ఆమె పూర్తిగా నిలబడ్డాక తెలిసింది. నిండు నెలల కడుపు.

"రెండేళ్ళు పట్టిందా అక్కా, ఈ నాలుగడుగులు నడవడానికి?" అంది జెముతాయ్.

"నీ ముఖం ఎలా చూడనే? నా వల్లే..."

"నీ వల్లని ఎవరన్నారు? ఆ కోట్లు వేసుకున్నవాళ్ళా? వాళ్ళు నన్నొక్క మాట అడిగారా? బండి ఆగాక ఆ కొండ మీద నువ్వు చెప్పుల్లేకుండా పరిగెత్తడం చూసింది నేను. లారీలో నా తల ఒళ్ళో పెట్టుకుంది నువ్వు. నువ్వు రావడం మానేస్తే, నా మీద కోపమొచ్చిందనుకున్నాను."

తెక్లా ముల్లు గురించి చెప్పాలనుకుని వచ్చింది. ఆ మాటలన్నీ ఇప్పుడు అక్కర్లేనివయ్యాయి. జెముతాయ్ చేతిని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ఎప్పుడు?" అని అడిగింది చివరికి, కడుపు వైపు చూస్తూ.

"ఇంకా మూడు వారాలుంది. ముందుగానే ఎల్డోరెట్ వచ్చి ఆస్పత్రిలో పడుకోమన్నాడు డాక్టరు, ఈసారి నొప్పులొచ్చేదాకా ఇంట్లో ఉండొద్దన్నాడు. నేనే కదల్లేదు. బండి ఎక్కాలంటే ఆ రోజే గుర్తొస్తుంది." జెముతాయ్ చూపు తెల్ల బండి మీద పడింది. "ఇది కొత్తదా? దీన్ని నువ్వే నడుపుతావా?"

"రోగుల్ని ఎక్కించుకోవడానికి నాకు అనుమతి లేదమ్మా."

"నేను రోగినా? చూసిపోతాను, అంతే."

జెముతాయ్ బండి వెనక్కి నడిచింది. ఫెస్టస్ గబగబా దిగి తలుపు తీశాడు. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి, పైనున్న కడ్డీ పట్టుకుని లోపలికి చూసింది. "ఇసక బస్తాల్ని ఎల్డోరెట్ ఆస్పత్రికి తీసుకెళ్తున్నారా, పాపం, వాటికేం జబ్బు?" అని నవ్వింది.

ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కడ్డీ మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. కళ్ళు మూసుకుని, నోటితో ఊపిరి తీసి, వదిలింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆమె ముఖంలో ఆటపట్టించే మనిషి లేదు.

"అక్కా, పొద్దున్నుంచి నడుము లాగుతోంది. పళ్ళ బుట్ట ఎత్తినందుకు అనుకున్నాను."

ఫెస్టస్ తెక్లా వైపు చూశాడు. "మిషన్ ఆస్పత్రికి ఫోన్ చేస్తాను. వాళ్ళ బండి..." చెవి దగ్గర ఫోను పెట్టుకుని విన్నాడు. దించేశాడు. "వాళ్ళ బండి లోయ అవతల కబర్నెట్‌లో ఉంది. రావడానికి రెండు గంటలు. పిన్నీ, మీకు అనుమతి లేదు. ఈ బండికి కాగితాలు లేవు. నేను నడపనా?"

"ఈ కొండ ఎన్నిసార్లు ఎక్కించావు?"

"రెండుసార్లు."

తెక్లా అప్పటికే బస్తా ఒకటి భుజాల మీదికెత్తి రోడ్డు పక్కకు విసిరేసింది. ఫెస్టస్‌కు విషయం అర్థమై రెండోది ఎత్తాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండా పద్నాలుగు బస్తాలూ దించారు. పక్క గుడిసెలో తేనె అమ్మే ముసలమ్మ ఎవరూ పిలవకుండానే సీసాలకు గోనెపట్టా కప్పి, జెముతాయ్‌ని స్ట్రెచరు మీద పడుకోబెట్టి, బెంచీ మీద కూర్చుని తలుపు లాగేసుకుంది.

"ఇంకా నిలబడ్డారేం?" అని లోపల్నుంచి కేక వేసింది.

బండి ముందు వంగి, ఆ ఇనప గార్డు బోల్టులు ఊడదీయడానికి ఫెస్టస్‌కు నాలుగు నిమిషాలు పట్టింది. గార్డు ఇసక బస్తాల పక్కన పడింది. అతను ఎక్కి కూర్చునేసరికి తెక్లా ఏసీ ఆపేసి, చెయ్యి హీటరు మీద పెట్టుకుని సిద్ధంగా ఉంది. గాజులో ముల్లు ఎప్పటిలాగే మధ్యలో నిలబడి ఉంది. ఆమె దానివైపు చూడలేదు.

"నా కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి" అంది. "నువ్వు చదువుతూ ఉండు. ఆపకు."

వెనక నుంచి జెముతాయ్ మూలుగు వినిపించింది. ఈసారి దానికీ ముందటి దానికీ మధ్య ఎడం చాలా తక్కువ.

"తొంభై నాలుగు" అన్నాడు ఫెస్టస్.

బండి రోడ్డెక్కింది. కొండ మీది ఇటెన్ ఆస్పత్రికి ఇంకా పదిహేడు మలుపులున్నాయి.